నోరులేని నొప్పి

మన తెలుగులో "నోరులేని జీవి" అనే మాట చిత్రమైనది. ఆవుకి నోరుంది. దూడ కంటికి కనబడకపోతే వీధి చివరిదాకా వినిపించేలా అరుస్తుంది. అయినా దాన్ని నోరులేని జీవి అంటాం. అత్తవారింట్లో నాలుగు మాటలు పడి, కిమ్మనకుండా వంటింట్లోకి వెళ్ళిపోయే కోడల్ని కూడా "పాపం, నోరులేని పిల్ల" అంటాం. ఆ పిల్లకి మాటలు రాక కాదు గదా! ఆ మాట ఆ ఇంట్లో చెల్లదు, అంతే. అంచేత నోరు లేకపోవడమంటే, ఆ గొంతుని లెక్కలోకి తీసుకునేవాళ్ళు లేకపోవడమేనని నాకనిపిస్తుంది.

ఇంకో సామెత కూడా ఉంది మనకి. అడగందే అమ్మైనా పెట్టదని. అడగడం చేతనైనవాళ్ళకి అది మంచి సలహాయే. మరి అడగడం చేతకానివాళ్ళ గతేమిటి? మామూలు రోజుల్లో ఈ ప్రశ్న మనల్ని పెద్దగా ఇబ్బంది పెట్టదు. కాని నొప్పి దగ్గరికి వచ్చేసరికి ఇది ప్రాణం మీదికి వస్తుంది. మందుల కోసం, టీకాల కోసం, శరీరం ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడం కోసం ప్రయోగశాలల్లో ఎలుకల్ని, కుందేళ్ళని, కుక్కల్ని, కోతుల్ని కోస్తారు. కోసేటప్పుడు వాటికి మత్తు ఇవ్వాలా? మత్తు దిగాక నొప్పి తగ్గే మందు ఇవ్వాలా? ఇస్తే అది మన దయా, లేక మనం తీర్చవలసిన బాకీయా?

దయ అనేవాళ్ళే ఎక్కువ. బాకీ అని నేనంటాను. ఎందుకో చెప్పాలంటే కొంచెం పాత సంగతులు తవ్వాలి.

మత్తుమందు లేని రోజుల్లో ఆపరేషన్ అంటే ఎలా ఉండేదో ఊహించండి. రోగిని బల్లకి కట్టేసేవారు, లేదా నలుగురు బలమైనవాళ్ళు పట్టుకునేవారు. ఎంత తొందరగా కోసేస్తే అంత గొప్ప డాక్టరన్నమాట. 1846 అక్టోబర్ 16న అమెరికాలోని బోస్టన్ నగరంలో విలియం మోర్టన్ అనే పళ్ళ డాక్టరు ఒక రోగి చేత ఈథర్ పీల్పించాడు. మెడ మీది కంతిని సర్జన్ కోశాడు. గావుకేకలు లేకుండా ఆపరేషన్ జరిగిపోయింది. మరుసటి ఏడాది ఎడిన్‌బరోలో జేమ్స్ సింప్సన్ క్లోరోఫారం వాడాడు. మనిషి చరిత్రలో ఇంతకన్నా పెద్ద దయ ఏముంటుంది?

పుస్తకాల్లో కథ ఇక్కడే మొదలవుతుంది. కాని దానికి ముందు ఇంకో కథ ఉంది. 16వ శతాబ్దంలోనే పారాసెల్సస్ అనే వైద్యుడు, ఈథర్ తిన్న కోళ్ళు కాసేపు నిద్రపోయి, ఏ హానీ లేకుండా లేచాయని రాసిపెట్టాడు. 300 ఏళ్ళ పాటు ఆ మాట ఎవరికీ పట్టలేదు. 1824లో ఇంగ్లండులో హెన్రీ హిల్ హిక్‌మన్ అనే కుర్ర డాక్టరు కుక్కపిల్లల చేత, ఎలుకల చేత బొగ్గుపులుసు వాయువు పీల్పించి, స్పృహ తప్పించి ఆపరేషన్లు చేశాడు. అవి బాధపడినట్టు కనబడలేదు. గాయాలు మానాయి. మనుషులకీ ఈ దారి చూడండి మహాప్రభో అని పెద్దలందరికీ మొరపెట్టుకున్నాడు. వినిపించుకున్నవాడు లేడు. 30 ఏళ్ళకే 1830లో అతను పోయాడు. ఆ తర్వాత పదహారేళ్ళకి వచ్చిన మోర్టన్ కూడా మనుషుల దాకా రాకముందు జంతువుల మీద ఈథర్ ప్రయత్నించి చూసినవాడే. నొప్పి తెలియకుండా కోయొచ్చునని మనకి తమ ఒంటితో చెప్పింది కోళ్ళూ, కుక్కపిల్లలూ!

ఇందులో మన హైదరాబాదుకీ వాటా ఉంది. ఆ రోజుల్లో క్లోరోఫారం తీసుకున్న రోగుల్లో కొందరు బల్ల మీదే చనిపోయేవారు. ముందు ఆగేది గుండెనా, ఊపిరా అని డాక్టర్ల మధ్య పెద్ద తగువు. ఊపిరేనని రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ పట్టు. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ డబ్బిచ్చాడు. 1888లో ఒకటి, 1889లో ఒకటి, రెండు క్లోరోఫారం కమిషన్లు ఈ ఊళ్ళోనే పనిచేశాయి. రెండోదానికి లండన్ నుంచి లాన్సెట్ పత్రిక తరఫున లాడర్ బ్రంటన్ అనే పెద్ద డాక్టరు వచ్చాడు. ఆయన రాకకి నిజాం 1000 పౌన్లు ఇచ్చాడు. కుక్కలు, కోతులు, మేకలు, గుర్రాలు, ఇలా వందలకొద్దీ జంతువులకి క్లోరోఫారం ఇచ్చి, ఏది ముందు ఆగుతుందో కళ్ళార్పకుండా చూశారు. ఆ పనిలో పాల్గొన్నవాళ్ళలో హైదరాబాదు వైద్య పాఠశాలలో చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీ కూడా ఉంది. మత్తు ఇచ్చే విద్యలో ప్రపంచంలోనే తొలి ఆడ డాక్టర్లలో ఒకరని ఆవిడ పేరు ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఊపిరే ముందు ఆగుతుందని కమిషన్ తీర్పిచ్చింది. ఆ తీర్పు పూర్తిగా నిలబడలేదు. క్లోరోఫారం గుండెనీ నేరుగా దెబ్బతీయగలదని 1911లో గుడ్‌మన్ లెవీ అనే ఆయన చూపించాడు. దేని మీద చూపించాడనుకున్నారు? పిల్లుల మీద. వాదం ఎటు గెలిచినా ఖర్చయింది మాత్రం నోరులేనివే.

ఈ లెక్క పాతబడిపోయిందని అనుకోవద్దు. హైదరాబాదులో తయారైన కోవాగ్జిన్ టీకాని 2020లో 20 కోతుల మీద పరీక్షించి చూశారు. మన భుజానికి సూది గుచ్చేటప్పుడు "ఇది మీకు సమ్మతమేనా?" అని అడిగారు, కావాలంటే వద్దని వెనక్కి రావచ్చు. కోతి వద్దని ఎవరితో చెప్పుకుంటుంది? అప్పు ఇచ్చినవాడు ఇష్టపడి ఇస్తే తీర్చడం మర్యాద. అడక్కుండా వాడి పెట్టెలోంచి తీసుకుంటే తీర్చడం తప్పనిసరి. నొప్పి లేకుండా చేసే విద్యని జంతువుల ఒంట్లోంచి తీసుకుని, అదే విద్యని వాటికి వాడే వేళకి లోభించడం ఎక్కడి న్యాయం? అందుకే బాకీ అన్నాను.

బాకీ తీర్చేశామని సరిపెట్టుకునే తేలిక దారులు కూడా ఉన్నాయి. అన్నిటికన్నా తేలిక దారి, అరుపు ఆపడం.

దక్షిణ అమెరికా అడవుల్లో బాణాల మొనలకి క్యూరారే అనే విషం పూస్తారు. అది ఒంట్లోకి వెళితే కండరాలన్నీ చచ్చుబడిపోతాయి. ఊపిరి కూడా తీసుకోలేదు గనక తిత్తితో గాలి కొడుతూ ఉంటే ప్రాణం నిలుస్తుంది. కాలు కదలదు, గొంతు పెగలదు. తెలివి మాత్రం ఉంటుంది. కోస్తూంటే తెలుస్తూనే ఉంటుంది! 19వ శతాబ్దంలో ఫ్రాన్సులో క్లాద్ బెర్నార్ అనే మహా శాస్త్రవేత్త దీని మర్మం కనిపెట్టాడు. కదలకుండా పడి ఉన్న ఆ శరీరంలో బాధ మొత్తం మిగిలే ఉంటుందని ఆయనే రాశాడు కూడా. అయినా ప్రయోగం చేసేవాళ్ళకి క్యూరారే బాగా నచ్చింది. ఎందుకు నచ్చదు? గది నిశ్శబ్దంగా ఉంటుంది. చెయ్యి వణకదు.

బెర్నార్ సామాన్యుడు కాదు. మన కాలేయం చక్కెరని ఎలా దాచుకుంటుందో చెప్పినవాడు. మధుమేహం గురించి ఇవాళ తెలిసినదానికి ఆయన పని ఒక పునాది. ఆయన ఇల్లు మాత్రం నిలబడలేదు. భార్య తెచ్చిన కట్నం ఆయన పరిశోధనలకి ఆసరా అయింది. ఆవిడకేమో ఆ కోతలు చూస్తే కడుపు తరుక్కుపోయేది. విడిపోయాక ఆవిడా, ఇద్దరు కూతుళ్ళూ జంతువుల మీద ప్రయోగాలకి ఎదురు నిలిచారు. నవలలు రాసుకునేదాన్ని గనక, ఆ ఇంట్లో రాత్రి భోజనాల దగ్గర మాటలెలా సాగేవో అని నాకు ఆలోచన వస్తుంది. బహుశా మాటలే ఉండేవి కావేమో. ఆ నిశ్శబ్దం కూడా క్యూరారే లాంటిదే.

1876లో బ్రిటిషు ప్రభుత్వం జంతువుల మీద ప్రయోగాలకి ఒక చట్టం చేసింది. అందులో లొసుగులు చాలా ఉన్నాయి. కాని ఒక్క సంగతి మాత్రం స్పష్టంగా చెప్పారు. ఈ చట్టం వరకూ క్యూరారేని మత్తుమందు కింద లెక్కగట్టడానికి వీల్లేదని. నోరు మూయించడం వేరు, నొప్పి తీయడం వేరు అని చట్టంలో రాయవలసి వచ్చింది. రాయకపోతే మనుషులు ఆ రెండిటినీ ఒకటి చేసేస్తారన్న సంగతి ఆ రాసినవాళ్ళకి తెలుసు.

జంతువుల దగ్గరే చేస్తారనుకుంటున్నారా? ఈ సంగతి మొదటిసారి చదివినప్పుడు నాకు నిద్ర పట్టలేదు. 1980ల దాకా పాశ్చాత్య దేశాల్లోని పెద్ద ఆసుపత్రుల్లో కూడా, అప్పుడే పుట్టిన పిల్లలకి, నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకి చాలాసార్లు చాలీచాలని మత్తుతో, కదలకుండా ఉండే మందు మాత్రం ఇచ్చి ఆపరేషన్లు చేసేవారు. పసిగుడ్డుకి నరాలు ఇంకా సరిగ్గా ఏర్పడవనీ, నొప్పి తెలియదనీ, తెలిసినా గుర్తుండదనీ వాళ్ళ నమ్మకం. మత్తు ఎక్కువైతే ప్రాణానికే ముప్పన్న భయం కూడా ఉంది. మన దేశంలో వైద్యం చదువుకుని ఆక్స్‌ఫర్డ్‌కి వెళ్ళిన కన్వల్‌జీత్ ఆనంద్ అనే డాక్టరు 1987లో ఆ నమ్మకాన్ని కదిలించాడు. సరైన మత్తు ఇచ్చిన పిల్లల ఒంట్లో ఆ తల్లడింపు తగ్గిందనీ, ఆపరేషన్ తర్వాత చిక్కులు కూడా తగ్గాయనీ లెక్కలతో చూపించాడు.

ఒక్కసారి ఆలోచించండి. ఎలుక గురించి చెప్పిన సాకు, పసిబిడ్డ గురించి చెప్పిన సాకు ఒకటే. "దానికి తెలియదు." ఎవరికి తెలియదు? చూసేవాడికి తెలియదు! నోరులేనివాళ్ళని లెక్కలోంచి తీసేసే అలవాటు బోను దగ్గర మొదలైతే అక్కడే ఆగదు. ఉయ్యాల దాకా వస్తుంది.

మరి ఎలుకకి నొప్పిగా ఉందని ఎలా తెలుస్తుంది? న్యాయమైన ప్రశ్నే. ఎలుక, కుందేలు లాంటివి ఇంకో జంతువుకి ఆహారమయ్యేవి. కుంటుతూ కనబడితే పిల్లి ముందు దాన్నే పడుతుంది. అంచేత నొప్పిని దాచుకోవడం వాటి పుట్టుకలోనే ఉంది. 2010లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ మోగిల్ బృందం చిట్టెలుకల మొహాల్ని ఫొటోలు తీసి, నొప్పికి ఒక కొలబద్ద తయారుచేసింది. నొప్పిగా ఉంటే చిట్టెలుక కళ్ళు చికిలిస్తుంది. ముక్కు, బుగ్గలు ఉబ్బుతాయి. చెవులు వెనక్కి పోతాయి. మీసాల వరస మారుతుంది. మనకి తలనొప్పి వస్తే అద్దంలో కనబడే మొహానికి దగ్గర చుట్టమే. అన్నాళ్ళూ ఆ నొప్పి దాని మొహం మీద రాసే ఉంది. చదివినవాళ్ళు లేరు.

అదే బృందం 2014లో ఇంకో తమాషా చెప్పింది. గదిలో మగవాళ్ళుంటే చిట్టెలుకలు నొప్పిని తక్కువ చూపించాయట. మగవాళ్ళు తొడిగి విడిచిన చొక్కా పక్కన పెట్టినా అంతేనట. ఆడవాళ్ళుంటే అలా జరగలేదు. మగ వాసనకి పుట్టిన భయం నొప్పిని అణిచేసిందన్నమాట. మామగారు హాల్లో కూర్చుని ఉన్నంతసేపూ కోడలికి నడుంనొప్పి ఉండదు చూడండి, ఆ బాపతు! నవ్వుకుని ఊరుకోవలసిన సంగతి మాత్రం కాదిది. నొప్పి కనబడలేదు గనక లేదని రాసుకున్న లెక్కలన్నిటి మీదా అనుమానం పుట్టించే సంగతి.

ఆపరేషన్ చేసేటప్పుడు మత్తు ఇవ్వడం ఇవాళ చాలావరకు నియమమైంది. అసలు చిక్కు తర్వాతి గంటల్లో ఉంది. మత్తు దిగుతుంది. కుట్లు సలుపుతాయి. మనకైతే నర్సుని పిలవడానికి గంట ఉంది, అర్ధరాత్రి లేపడానికి పక్కన అక్కో చెల్లెలో ఉంటుంది. ఎలుకకి రంపపు పొట్టు పరిచిన బోను ఉంది. 2005లో ఇంగ్లండులో ఇద్దరు పరిశోధకులు అచ్చయిన శాస్త్ర పత్రాలు తిరగేసి చూశారు. ఆపరేషన్ అయిన ఎలుక జాతులకి నొప్పి మందు ఇచ్చినట్టు రాసినవి నూటికి 20 మాత్రమే. అదీ మెరుగే. అంతకు పదేళ్ళ ముందు నూటికి 3 ఉండేవట!

నొప్పి మందు ఇస్తే ప్రయోగం ఫలితం మారిపోతుందని శాస్త్రజ్ఞులు అంటారు. కొన్ని చోట్ల అది నిజమే, వాపు మీద పరిశోధన చేసేవాడు వాపు తగ్గించే మందు ఎలా ఇస్తాడు? కాని నొప్పి కూడా ఫలితాన్ని మారుస్తుంది గదా. నొప్పితో ఉన్న ప్రాణి తిండి తినదు, నిద్రపోదు, దాని రక్తంలో ఆందోళన పెంచే రసాలు పెరుగుతాయి, గాయం నెమ్మదిగా మానుతుంది. మందు ఇస్తే లెక్క తప్పుతుందని భయపడేవాళ్ళు, ఇవ్వకపోయినా లెక్క తప్పుతుందని ఎందుకు భయపడరు? ఇవ్వని మందుకి ఖర్చు కనబడదు గనక.

ఇంకో మాట అనేవాళ్ళూ ఉన్నారు. ఇంట్లో ఎలుక దూరితే జిగురు అట్ట పెట్టి, అది రాత్రంతా కొట్టుకుని చస్తుంటే దుప్పటి ముసుగేసుకుని పడుకునేది మనమే గదా, ప్రయోగశాల ఎలుక మీద ఇంత ప్రేమేమిటని. ఈ దెప్పు నిజంగా తగులుతుంది. దానికి నా జవాబొకటే. ఒక చోట చేస్తున్న తప్పు ఇంకో చోట తప్పుకి అనుమతి కాదు. జిగురు అట్ట కూడా మానాలి.

అన్నిటికన్నా నన్ను వెంటాడే అభ్యంతరం వేరే. నొప్పి లేకుండా చేస్తున్నాం గదా అన్న ధీమాతో ప్రయోగాలు ఇంకా పెంచేస్తే? అప్పుడు మత్తు ఎలుకకి ఇచ్చినట్టా, మన మనస్సాక్షికి ఇచ్చినట్టా? 1959లో విలియం రస్సెల్, రెక్స్ బర్చ్ అనే ఇద్దరు ఇంగ్లీషువాళ్ళు దీనికి మూడు మెట్లు కట్టారు. జంతువు లేకుండా పని జరుగుతుందా చూడు. జరగకపోతే ఎన్ని తక్కువ జంతువులతో జరుగుతుందో చూడు. వాటికైనా బాధ ఎంత తగ్గించగలవో చూడు. మత్తు, నొప్పి మందు మూడో మెట్టు మీద ఉన్నాయి. మొదటి రెండు మెట్లూ ఎగ్గొట్టి మూడోదాని మీద కూర్చుంటే కుదరదు.

మన దేశంలో ఈ బాధ్యత చట్టంలోకి ఎక్కడానికి ఒక నర్తకి కారణమైంది. కళాక్షేత్ర స్థాపించిన రుక్మిణీదేవి అరండేల్ 1952లో రాజ్యసభకి వచ్చాక జంతువుల మీద క్రూరత్వం ఆపాలని తానే ఒక బిల్లు పెట్టింది. ప్రభుత్వం తనే తెస్తానని మాటిచ్చి, 1960లో చట్టం చేసింది. ఆ చట్టంలో జంతువంటే మనిషి తప్ప ప్రాణమున్న ప్రతిదీ. అమెరికాలో చూడండి, 1966 నాటి చట్టానికి 2002లో చేసిన సవరణ ప్రకారం, పరిశోధన కోసం పెంచిన ఎలుకలూ చిట్టెలుకలూ ఆ చట్టం వరకు "జంతువు" కిందికే రావు! ప్రభుత్వ నిధులతో జరిగే పరిశోధనలకి వేరే నియమాలున్నాయి గాని, ఆ మాట మాత్రం నాకు మింగుడుపడదు. వినాయకుడి వాహనాన్ని ఎరిగిన మనకి ఎలా మింగుడుపడుతుంది?

మన చట్టం, కోతతో కూడిన ప్రయోగాలు నొప్పి తెలియకుండా చేయగల మత్తులో జరగాలంటుంది. కోలుకుంటే తీవ్రంగా బాధపడవలసి వచ్చేంతగా మత్తులో ఉండగా గాయపడితే, లేచి బాధపడకముందే మామూలుగా దాని ప్రాణం తీసేయాలంటుంది. అంతా బాగానే ఉంది. కాని మత్తు విషయంలో ఒక చిన్న మాట తగిలించారు. "సాధ్యమైనంతవరకు" అని.

ఈ మాట ఆడవాళ్ళందరికీ బాగా తెలుసు. సాధ్యమైనంతవరకు సాయం చేస్తామని ఇంట్లో ఎంతమంది చెప్పలేదు! ఆ సాధ్యం ఎంత పొడుగో కొలిచేది ఆ మాట ఇచ్చినవాళ్ళే. ప్రయోగశాలలోనూ అంతే. ఒక మోతాదు నొప్పి మందు కొన్ని గంటలే పనిచేస్తుంది. మళ్ళీ ఇవ్వాలంటే ఆదివారం పూటైనా, అర్ధరాత్రయినా ఎవరో ఒకరు రావాలి. దీపం వేసి, బోనులోకి వంగి, ఆ చిన్న మొహాన్ని చూడాలి. ఆ మనిషి రాకపోతే అడిగే నాథుడు లేడు. ఎలుక ఫిర్యాదు చెయ్యదు. కాయితం మీద నియమం చెక్కుచెదరకుండానే ఉంటుంది.

అడగందే అమ్మైనా పెట్టదన్న సామెత ఎవరు కట్టారో గాని, పెద్ద పిల్లల తల్లిని చూసి కట్టి ఉంటారు. పొత్తిళ్ళలో బిడ్డ ఏమడుగుతుంది? ఆ వయసులో అమ్మ అడిగించుకోదు. మొహం చూసే పెడుతుంది.